అక్క ఇచ్చిన రెండు స్టార్లు

మా అక్క పోయింది. పొద్దున్నే మా బావగారు ఫోన్ చేసి, "అమ్మా, మీ అక్క లేదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసినారు. తలస్నానం చేసి, జుట్టుకు టవల్ చుట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి అట్లే ఒరిగిపోయిందంట.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మా ఆయన అన్నగారి భార్య, నాకు తోటికోడలు. వాళ్లది తిరుచానూరు, మాది తిరుపతి. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆమె గురించి రాయడానికి నా దగ్గర మంచి తప్ప వేరే ఏమీ లేదు. ఆ మంచిని చూసే నేను ఇన్నేండ్లు కుళ్లుకుంటా వచ్చినాను. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే ఇది ఎవరో ఒక మహాతల్లి గురించి రాసినట్టుంటుంది గానీ, మా అక్క గురించి రాసినట్టుండదు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త నా చేతి పులుసు నోట్లో పెట్టుకుని, "బాగుండాది" అని, కొంచెం ఆగి, "పెద్దకోడలైతే ఇంకొంచెం బెల్లం వేస్తాది" అనేది. మా ఆయనకు ఏ పని మొదలుపెట్టాలన్నా వదినను అడగాల్సిందే. స్థలం కొనాలన్నా వదినే, పిల్లను ఏ బడిలో వెయ్యాలన్నా వదినే. ఆమె గర్ల్స్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. గట్టిగా మాట్లాడేది కాదు, ఎవరినీ ఏమీ అనేది కాదు. కనీసం నాతో ఒకసారి పోట్లాడి ఉన్నా నాకు కొంత హాయిగా ఉండేదేమో.

ఆమెకు ఒకటే పిచ్చి. పాతకాలపు కుంకుమ భరిణెలు. ఇత్తడివి, కొయ్యవి, నెమలి బొమ్మవి, మామిడిపిందె బొమ్మవి. తిరుపతిలో నెట్ సెంటర్లు వచ్చినాక ఎవరో టీచరు ఆమెకు నెట్‌లో జరిగే వేలంపాటల సైటు చూపించింది. అప్పటినుంచి కారైకుడి, జైపూర్, యాడాడినుంచో ఆమెకు పార్సెళ్లు వచ్చేవి. కొన్నాక, అమ్మినవాళ్లకు మార్కులు వెయ్యాల. సరుకు ఎట్లుంది, పోస్టేజీ న్యాయంగా తీసుకున్నారా, చెప్పిన రోజుకు పంపినారా అని వేరువేరుగా అయిదేసి స్టార్లు, కింద రెండు మాటలు రాసే చోటు. అందరూ ఆలోచించకుండా టకటకా నొక్కిపోయేవాళ్లు. మా అక్క మాత్రం పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దేది.

ఒకసారి నేను అక్కడుండంగానే పార్సెల్ వచ్చింది. విప్పకముందు దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి పోస్టాఫీసు ముద్ర చూసింది.

"ఎప్పుడు చేరిందో కాదు పాపా, ఎప్పుడు బయలుదేరిందో చూడాల. పోస్టాఫీసోళ్లు నిద్రపోతే అమ్మినామెకు స్టారు కోస్తే ఎట్ల?"

తర్వాత పైగుడ్డ, దూది, అట్టపెట్టె అన్నీ పక్కన పెట్టి, "పైన అంటించిన తపాలా బిళ్లలు మాత్రం చూసి, పోస్టేజీకి ఎక్కువ తీసుకున్నారని దొంగోళ్లంటారు జనం. ఈ పెట్టె ఊరికే వస్తాదా? ఆమె పోస్టాఫీసుకు ఆటోలో పోయుండదా?" అని అయిదు స్టార్లూ ఇచ్చింది. నాకు అదంతా చాదస్తంగా కనిపించింది. అంత చిన్న భరిణె కోసం అంత విచారణా అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు నేనే అమ్మడం మొదలుపెట్టినాను. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మలు వేసేవాళ్ల దగ్గర కలంకారీ గుడ్డలు తెచ్చి, ఫొటోలు తీసి, అదే సైటులో పెట్టేదాన్ని. ఇది ఆమెను అడక్కుండా నేను సొంతంగా చేసిన మొదటి పని. అందుకే నాకు అంత ముద్దు. మొదట్లోనే వేలంలో ఒక గుడ్డ పాడుకున్న పేరు చూస్తే, అది మా అక్కది.

ఫోన్ చేసి, "ఆదివారం వస్తాము గదా, తెచ్చిస్తాలే" అన్నాను.

"వద్దు మే. అందరికీ ఎట్ల పంపుతావో నాకూ అట్లే పోస్టులో పంపు" అనింది.

రెండ్రోజుల్లో పంపుతానని నా పేజీలో రాసుంది. ఇంతలో మా పుట్టింట్లో పెండ్లి వచ్చింది. చంద్రగిరికి పోయి, ఆ సందడిలో పార్సెల్ సంగతే మరిచిపోయినాను. వారం దాటినాక పంపినాను. అక్కే కదా, ఏముందిలే అనుకున్నాను.

సరుకుకు అయిదు స్టార్లు. పోస్టేజీకి అయిదు. పంపిన రోజుకు రెండు. కింద ఇంగ్లీషులో రాసింది: గుడ్డ చాలా అందంగా ఉంది, పోస్టేజీ న్యాయంగా తీసుకున్నారు, చెప్పిన రోజుకు మాత్రం పంపలేదు.

నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన చదివి, "వదిన ఉన్నది ఉన్నట్టు రాసింది గదా" అని నవ్వినాడు. ఆ నవ్వు ఇంకా మంట. ఆదివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే బస్సెక్కి తిరుచానూరు పోయినాను.

"సొంత మనిషివి. నీకే చేతులు రాకపోతే బయటోళ్లు నాకేం ఇస్తారు?" అని వాకిట్లోనే అడిగేసినాను.

ఆమె కోప్పడలేదు. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చి, నెమ్మదిగా చెప్పింది. "నేను అయిదిస్తే మద్రాసులో ఎవరో నా మాట నమ్మి నీ దగ్గర కొంటారు. వాళ్లకు లేటయితే వాళ్లు తిట్టేది నిన్ను. నేను అబద్ధం రాసి నిన్ను తిట్టించాల్నా?"

"మార్చు."

"ఈసారి చెప్పిన రోజుకు పంపు. అప్పుడు అయిదిస్తా."

మజ్జిగ తాగకుండా వచ్చేసినాను. చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. అయితే ఒకటి, ఆ తర్వాత ఒక్క పార్సెల్ కూడా ఆలస్యం కానియ్యలేదు. ఆమె మీద పంతంతోనే.

అట్లా వ్యాపారం కుదురుకుంటున్నప్పుడు బెంగళూరు ఆయన ఒకరు గోడకు తగిలించే పెద్ద చిత్రం కొన్నారు. మడిస్తే రంగు విరుగుతుందని దాన్ని గట్టి అట్టగొట్టంలో చుట్టి పంపినాను. ఆయన పార్సెల్ మీద బిళ్లలు లెక్కబెట్టుకుని, నేను తీసుకున్నది అంతకంటే ఎక్కువని, పోస్టేజీకి ఒకటే స్టారిచ్చి, "మోసం" అని రాసినారు. నా పేజీ తెరిస్తే అందరికీ మొదట కనబడేది ఆ మాటే. నేను పెట్టిన గుడ్డలకు పాటలు ఆగిపోయినాయి. శ్రీకాళహస్తిలో నాకోసం పని చేసే ఆడవాళ్లు ఫోన్ చేసి, "ఇంకా వెయ్యాల్నా, ఆపాల్నా అక్కా?" అని అడిగినారు.

మా ఆయన వదినకు చెప్పేసినాడు. మరుసటి రోజు బడి అయిపోతానే అక్క మా ఇంటికొచ్చింది. ఇన్నాళ్లు మాటల్లేవన్న సంగతే గుర్తులేనట్టు, "ఆ గొట్టం ఒకటి చూపించు" అనింది. చేతిలోకి తీసుకుని వంచి చూసింది. వంగలేదు.

"మంచిదే కొన్నావు. ఈ గొట్టానికి కూడా కలిపి తీసుకుంటామని పేజీలో రాసినావా?"

"లేదు."

"మరి ఆయనకు ఎట్ల తెలుస్తాది? అది ముందు రాయి."

నేను రాసేదాకా పక్కనే కూర్చుంది. తర్వాత తన పేరుతో ఆ బెంగళూరాయనకు ఉత్తరం రాసింది. ఈమె నా తోటికోడలు, అయినా ఆలస్యానికి నేను రెండు స్టార్లే ఇచ్చినాను, కావాలంటే చూడండి. అట్లాంటి నేను చెప్తున్నాను, పోస్టేజీలో ఈమె మోసం చెయ్యలేదు, గొట్టం సంగతి ముందుగా రాయకపోవడమే పొరపాటు అని. ఆ రెండు స్టార్లు లేకపోతే ఆయన ఆ మాట నమ్మేవాడే కాదు. రెండు పక్కలా ఒప్పుకుంటే మార్చుకునే వీలుండేది సైటులో. ఆయన మార్చేసినారు.

నాకు సంతోషమే. శ్రీకాళహస్తికి ఫోన్ చేసి పని ఆపొద్దని చెప్పినాను. కానీ ఆయన క్షమించమని రాసింది మా అక్కకు. ఉగాదికి, దీపావళికి శుభాకాంక్షలు పంపింది మా అక్కకు. భరిణె ఎక్కడ కనబడినా ఫొటో తీసి పంపిందీ మా అక్కకే. పోయిన నా పరువు తిరిగొచ్చినా, అది కూడా ఆమె ఇచ్చినట్టే అయింది. నేనుగా సంపాదించుకున్నది ఒక్కటైనా ఉండనిస్తుందా ఈమె అనిపించింది.

ఆమె పోయినాక బావగారు నన్ను పిలిచి, "ఆమెకు కంప్యూటర్లో తెలిసినోళ్లు శానామంది ఉండారంట. ఒక మాట చెప్పమ్మా" అన్నారు. సైటులో అందరూ మాట్లాడుకునే చోట నాలుగు వాక్యాలు రాసి, పెద్దకర్మ తేదీ పెట్టినాను. ముఖాలు తెలియనివాళ్లు, ఎవరొస్తారులే అనుకున్నాను.

కారైకుడినుంచి ఒకామె వచ్చింది, ఇత్తడి సామాన్లు అమ్మే ఆమె. బెంగళూరాయన కూడా వచ్చినారు, నెరిసిన గడ్డం, చేతిలో మల్లెల పొట్లం. పటం ముందు నిలబడి చాలాసేపు దండం పెట్టుకున్నారు. నేను దగ్గరికి పోయి, "నేను ఆమె తోటికోడలిని. మీరు నా దగ్గర కూడా ఒకటి కొన్నారు" అన్నాను. ఆయన నేనెవరో గుర్తుకు రానట్టు చూసి, "ఓ, ఆ గొట్టం!" అన్నారు.

భోజనాల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కారైకుడి ఆమె తమిళంలో చెప్తా ఉండాది. ఆమె భర్తకు జబ్బు చేసి పార్సెల్ ఆలస్యమైతే మా అక్క స్టార్లు తగ్గించిందంట. తర్వాత సంగతి తెలిసి ఫోన్ చేసి, ఆయనకు ఎట్లుందని రోజూ అడిగిందంట. "స్టారు మాత్రం మార్చలేదు" అని ఆమె నవ్వతా కండ్లు తుడుచుకుంది. నేను రసం వడ్డిస్తా అంతా విన్నాను. ఎవరింట్లోనో జబ్బు పడిన మనిషి కోసం రోజూ ఫోన్ చేసిందని మాకెవరికీ తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కూడా, నేను పోతే ఇంత దూరంనుంచి ఎవరొస్తారన్న లెక్క ఒకటి తిరగతానే ఉండాది.

సాయంత్రం వాళ్లిద్దరినీ సాగనంపడానికి రోడ్డుదాకా పోయి, వెనక్కొచ్చి గేటు దగ్గర నిలబడినాను. రైల్వే స్టేషనుకు పోయే షేరాటో వచ్చి ఆగింది. కారైకుడి ఆమె చేతులు తిప్పుతా ఏదో చెప్తా ఉండాది, ఆయన తల వంచి వింటా ఉండారు. ఆటోవాడు హారన్ కొట్టి పోయినాడు. ఇంకొకటి వచ్చింది, అదీ పోయింది. పూలమ్మేవాళ్లు గంపలు సర్దుకుంటున్నారు. మూడో ఆటో వచ్చి ఆగితే, ఆయన దానికేసి చూడకుండానే వద్దని చెయ్యి ఊపి, ఆమె చెప్పే మాట వినడానికి మళ్లీ అటు తిరిగినారు.