మిగిలిపోయిన బూట్లు

ఏటి ఒడ్డున ఉన్న ఆ పాత బుద్ధుడి గుడి ముందు చెప్పుల స్టాండు చూసుకునే ఆవిడకి అసలు పేరు ఉండే ఉంటుంది గానీ, ఊరంతా జోళ్ళక్క అనే పిలుస్తుంది. పెళ్ళికి ముందు నాన్న పక్కన కూర్చుని చెప్పులు కుట్టింది. పెళ్ళయ్యాక మొగుడి పడవలో తెడ్డు పట్టింది. ఒక వరదలో పడవ ఎటో పోయింది, మొగుడు గుడి వెనక మెట్ల దగ్గర శవమై తేలాడు. అప్పటినుంచీ గుడి ముందు వైపే బతుకు వెళ్ళదీస్తోంది. వెనక వైపు కన్నెత్తి చూడలేదు, మళ్ళీ పడవ ఎక్కలేదు.

"మొహం అబద్ధం చెప్పొచ్చు గానీ, చెప్పు చెప్పదు నాయనా!" అని వచ్చినవాళ్ళని నవ్విస్తుంటుంది.

ఆ రోజు ఆకు కదల్లేదు. పైన ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారని మైకులో అరుస్తూ జీపు తిరిగిపోయింది. జనం లేరు. మధ్యాహ్నం దాటాక ఓ కారు ఆగింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న నడివయసు మనిషి దిగి, ఓ ముసలాయన్ని చెయ్యి పట్టుకుని దింపాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆయన బూట్ల లేసులు విప్పాడు.

"ఎక్కడికిరా వచ్చాం?"

"గుడికి నాన్నా."

"మరి ఇంటికెప్పుడు?"

కొడుకు తల ఎత్తకుండానే బూట్లు స్టాండులో పెట్టాడు.

కాసేపటికి ఒక్కడే బయటికొచ్చి గబగబా తన చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"పెద్దాయనేరీ బాబూ?" అంది జోళ్ళక్క.

"ముందే వచ్చేశారు. కార్లో ఉన్నారు."

"బూట్లు మర్చిపోయారు."

"వేసుకోనని మొండికేశారు. ఎవరికైనా ఇచ్చెయ్యండి."

కారు మలుపు తిరుగుతుంటే చూసింది. లోపల ఇంకెవరూ లేరు. గుడికి ఉన్న వాకిలి ఒక్కటే, ఆ వాకిట్లో తను కూర్చుంది. ఇంకో తలుపు ఉంది గానీ అది ఏట్లోకే.

"బాబాయ్, స్టాండు చూడు!" అని గేటు దగ్గరి వాచ్‌మన్‌కి ఒక కేక పెట్టి లోపలికి పరిగెత్తింది.

చీకటి మండపంలో ఒత్తిగిలి పడుకున్న బుద్ధుడి రాతి విగ్రహం. గబ్బిలాల కంపు. కాళ్ళ కింద బండలు చెమ్మగా ఉన్నాయి. గోడ అవతల ఏరు, జనం గుంపుగా గుసగుసలాడుతున్నట్టు వినబడుతోంది. "పెద్దాయనా!" అని పిలిస్తే ఆవిడ గొంతే తిరిగొచ్చింది. విగ్రహం వెనక సందు మొదట్లో ఆగిపోయింది. ఆ సందు చివరే ఆ మెట్లు. వెనక్కి తిరగబోయింది కూడా. అప్పుడు ఎవరో దగ్గారు.

ముసలాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బురదనీళ్ళు మోకాళ్ళు దాటాయి.

"లేవండి, లేవండి!"

"ఇక్కడే కూర్చోమన్నాడమ్మా మావాడు. కదిలితే కోప్పడతాడు."

చెట్టు మాను ఒకటి వాళ్ళ ముందునుంచే సుడి తిరుగుతూ పోయింది. జోళ్ళక్క ఆయన చంక కింద చెయ్యి వేసింది. "మీవాడే రమ్మంటున్నాడు. పదండి."

అంతే, చిన్నపిల్లాడిలా లేచాడు.

ఆయన్ని స్టాండు దగ్గర కూర్చోబెట్టి కొంగుతో పాదాలు తుడుస్తుంటే కారు తిరిగొచ్చింది. కొడుకు దిగి తండ్రిని చూసి నిలబడిపోయాడు. సంతోషమో దిగులో ఆ మొహంలో తెలియలేదు.

"కార్లో ఉన్నారన్నావే?" అంది జోళ్ళక్క.

అతను నేలమీదే కూలబడ్డాడు. "రాత్రంతా తలుపులు బాదుతారమ్మా. నా భార్య పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. నేను కళ్ళు మూసి ఎన్నాళ్ళయిందో. సగం దారిలో మనసొప్పక వెనక్కొచ్చాను."

అది నటన కాదు. కానీ ఆ మాటలు వింటూ ఆవిడ ముసలాయన చెయ్యి వదల్లేదు. వాచ్‌మన్ కబురు పెడితే వచ్చిన కానిస్టేబులు మాత్రం కొడుకుని నాలుగు చీవాట్లు పెట్టి, "వచ్చి తీసుకెళ్తున్నాడుగా, ఇంకేంటమ్మా" అని పంపించేశాడు. జోళ్ళక్క పట్టుబట్టి కొడుకు ఫోన్ నంబరు తీసుకుంది.

నిద్ర పట్టక, రెండు మూడు రోజులకి ఫోన్ చేసింది. ముసలాయనే ఎత్తాడు.

"నేను పెద్దాయనా, గుడి దగ్గర జోళ్ళక్కని. కులాసానా?"

"బాగున్నానమ్మా. మావాడు బంగారం. ఆదివారం మళ్ళీ ఏటికి తీసుకెళ్తాడట. గుడికి కాదట, పైన పాత ఇటికబట్టీ ఉందే, అక్కడికట. అక్కడైతే ప్రశాంతంగా ఉంటుందట."

అవతల ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

స్టేషన్‌కి వెళ్తే "కొడుకు తండ్రిని షికారు తీసుకెళ్తే కేసేంటి?" అన్నారు. ఆదివారం పొద్దున్నే రేవుకి వెళ్ళి, మొగుడితో పనిచేసిన పడవవాడి ముందు నిలబడింది. "అన్నా, ఇటికబట్టీ దాకా పోనీ" అంటూ వణుకుతూనే ఎక్కింది.

పెద్దాయన నీళ్ళ అంచున కూర్చుని ఉన్నాడు, ఈసారి బూట్లతోనే. వెనకే కొడుకు నిలబడ్డాడు. రెండు చేతులూ తండ్రి భుజాల మీద ఉన్నాయి. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో. పడవ చప్పుడుకి ఉలిక్కిపడి చేతులు తీసేశాడు. జోళ్ళక్క మోకాటిలోతు నీళ్ళలోకి దూకింది. అతను అడ్డం రాలేదు.

"తీసుకెళ్ళిపోక్కా," అన్నాడు. "నా దగ్గరుంటే ఆయన బతకడు."

ఇప్పుడు పెద్దాయన ఆ ఊళ్ళోనే వృద్ధుల ఆశ్రమంలో ఉంటున్నాడు. కొడుకు డబ్బు పంపుతాడు, మనిషి రాడు. జోళ్ళక్క వెళ్ళినప్పుడల్లా ఆయన మంచం మీద కాస్త జరిగి చోటిస్తాడు. పక్కనే కూర్చోబెట్టుకుని, "మావాడు ఎప్పుడొస్తాడమ్మా?" అని అడుగుతాడు.

"వస్తాడు పెద్దాయనా," అంటుంది ఆవిడ. అని, నిజంగానే వచ్చాడేమోనని గుమ్మం వైపు ఓసారి చూసుకుంటుంది.