స్విచ్చు బాబాయి

ఆ పెద్ద కంపెనీ ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లను ఇంటర్నెట్‌లో అద్దెకు వాడుకునేది. క్లౌడ్ అంటారే, అది. పని అయిపోయాక వాటిని ఆపే నాథుడు లేడు. అద్దె మాత్రం ఎవడబ్బ సొమ్మో అన్నట్టు పోతూనే ఉండేది. ఆ దుబారాను అరికట్టడమే బాబాయి ఉద్యోగం, అందుకే ఆఫీసంతా ఆయన్ని స్విచ్చు బాబాయి అనేది. ఎవరిదో తెలియని మెషీన్ కనిపిస్తే టక్కున ఆపేసి, ఎవరైనా అరుస్తారేమోనని వారం చూసేవాడు. అరిస్తే మళ్లీ ఆన్ చేసేవాడు, లేదంటే పూర్తిగా తీసేసేవాడు. “అడగందే అమ్మయినా పెట్టదు” అన్నది ఆయన సిద్ధాంతం.

ఒక సాయంత్రం ఇంట్లో కత్తెర కోసం తల్లి గదిలోకి వెళ్లాడు. ఆవిడ కిటికీకి అతుక్కుపోయి, మిగిలిన కాస్త వెలుతురులో ఆయన చొక్కాకే గుండీ కుడుతోంది. స్విచ్చు వేస్తే లైటు వెలగలేదు.

“ఎన్నాళ్లయిందమ్మా ఇది పోయి?”

“చాన్నాళ్లయిందిలే. నీ తలనొప్పులు నీకున్నాయి కదా.”

“ఒక్క మాట అడగొచ్చు కదా!”

“చిన్నప్పుడు నువ్వడిగితేనే పెట్టానేంట్రా నేను?” అని నవ్వి, ఆవిడ పళ్లతో దారం కొరికింది.

ఆయన అప్పటికప్పుడు వెళ్లి బల్బు తెచ్చి, కుర్చీ ఎక్కి బిగించాడు.

మర్నాడు ఆఫీసులో జూనియర్ అమ్మాయి, “బాబాయ్, ఈ మెషీన్ ఆపి వారమైంది, ఎవరూ అరవలేదు. తీసేయనా?” అంది.

“ఉండమ్మా,” అంటూ బాబాయి కుర్చీలోంచి లేచాడు. “ఒక్కో గదికీ వెళ్లి అడిగొస్తా.”