టేపక్క మళ్ళీ నడక పట్టింది

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎప్పుడు చూసినా మెడలో కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కనుక పిల్లలకూ పెద్దలకూ ఆమె టేపక్కే. ఒకసారి చుట్టాలింటికి భోజనానికి కూడా ఆ టేపుతోనే వెళ్ళింది. బల్ల ముందు కూర్చున్నాక భర్త చెవిలో చెబితే గానీ తెలియలేదు.

కుట్టుపని నేర్పింది పెద్దమ్మ. అప్పట్లో వాళ్ళకు దుకాణం లేదు. ఎండ చల్లబడగానే పెద్దమ్మ ముందూ, చంకలో బట్టల మూటతో ఈమె వెనకా, ఇల్లిల్లూ తిరిగేవారు. పెద్దమ్మది గాలిలా దూసుకుపోయే నడక.

"కాస్త ఆగు పెద్దమ్మా, కాళ్ళు పీకుతున్నాయి!"

"ఈ వయసులో నీకు కాళ్ళ నొప్పులేమిటే? పద పద!"

ఒక ఇంట్లో గౌనుకి కొలతలు, ఇంకో ఇంట్లో చొక్కాకి గుండీలు. మూడో ఇంట్లో పనేమీ ఉండదు, వట్టి కబుర్లే. ఇరుకు మెట్లు ఎక్కడం, దిగడం. ఇంటికొచ్చాక కాలి మిషను. తొక్కీ తొక్కీ పిక్కలు రాళ్ళలా గట్టిపడ్డాయి. చెంబెడు నీళ్ళు తాగి నడుం వాలిస్తే ఒళ్ళు తెలియని నిద్ర. ఆ రోజులు తలుచుకుంటే టేపక్కకు ఇప్పటికీ కళ్ళలో వెలుగు వస్తుంది.

పెద్దమ్మ పోయింది. కూడలిలో దుకాణం వచ్చింది, కాలి మిషను పోయి మోటారు మిషను వచ్చింది. ఇక మనుషులే ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. పొద్దున స్టూలు మీద కూర్చుంటే లేచేది దీపాలు పెట్టాకే. చేతికందే దూరంలో కూల్‌డ్రింకు సీసా, బిస్కెట్ల డబ్బా. అందరి నడుమూ కొలిచే మనిషి తన నడుము సంగతి పట్టించుకోలేదు.

చివరికి కుడి డొక్కలో ఏదో బరువు, నాలుగడుగులేస్తే నీరసం. కూతురు పోరగా పోరగా ఆసుపత్రికి వెళ్ళింది. రక్తపరీక్షలు, స్కానింగు అయ్యాక డాక్టరమ్మ కాగితాలు చూసి అడిగింది.

"లివర్‌కి కొవ్వు పట్టిందమ్మా. మందు తాగే అలవాటుందా?"

టేపక్కకు తల కొట్టేసినట్టయింది. ఆమె చిన్నాన్న తాగి తాగి కాలేయం చెడిపోయి పోయాడు. ఆ జబ్బు తాగుబోతులకే వస్తుందని అప్పటినుంచీ ఆమె నమ్మకం.

"నేనా! దాని వాసనే పడదు నాకు డాక్టరమ్మా!"

పక్కనే ఉన్న భర్త, బస్సు డ్రైవరు, నవ్వు ఆపుకోలేకపోయాడు. "నాకు రావలసిన చెడ్డపేరు నువ్వు కొట్టేశావు కదే!"

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "అంటే మీరు తాగుతారా?"

"ఏదో... అప్పుడప్పుడూ... స్నేహితులతో..."

"అయితే మీకూ రాస్తాను పరీక్షలు. ముందు ఆ సీసా మానండి."

అతని నవ్వు ఎటుపోయిందో తెలియదు.

"మందే తాగక్కర్లేదమ్మా," అంది డాక్టరమ్మ టేపక్కతో. "తీపి, కూల్‌డ్రింకులు, కదలకుండా కూర్చోవడం, పెరిగే నడుము, ఇవి చాలు. ఇప్పుడే మేలుకుంటే చాలావరకు తగ్గిపోతుంది. బరువు మెల్లమెల్లగా దించండి. రోజూ నడవండి."

నడవమంటే టేపక్కకు సిగ్గు. పార్కులో రెండు రోజులు గుండ్రంగా తిరిగి, "పనీపాటా లేకుండా ఈ తిరుగుడేమిటి, పిచ్చిదాన్లా!" అని మానేసింది. ఎదురు దుకాణం ఆవిడ కాలేయాన్ని కడిగేస్తుందంటూ ఏదో పొడి ఇస్తే, అది సులువుగా ఉందనిపించి గుట్టుగా తాగడం మొదలుపెట్టింది. పొట్లం కూతురి కంటబడింది. మర్నాడే అది డాక్టరమ్మ బల్ల మీదికి చేరింది.

"ఇందులో ఏం కలిపారో ఎవరికి తెలుసమ్మా? ఇలాంటివి మింగి, ఉన్న లివర్ పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు. దాన్ని మనం కడగక్కర్లేదు. దాని పని దాన్ని చేసుకోనివ్వండి, చాలు."

టేపక్క తలొంచుకుని ఇంటికొచ్చింది.

ఆ వారంలోనే, ఒకప్పుడు పెద్దమ్మ చేత బట్టలు కుట్టించుకున్న ముసలి టీచరమ్మ కబురు పంపింది. మోకాళ్ళ నొప్పులతో దుకాణానికి రాలేననీ, పక్కింటివాళ్ళ చేత కుట్టడానికి ఇచ్చిన కోటు ఎవరిచేతనైనా పంపమనీ. పంపడానికి మనిషి దొరక్క టేపక్కే మూట చంకన పెట్టి బయలుదేరింది. ఎన్నేళ్ళయిందో ఆ సందుల్లోకి వచ్చి! మలుపు దగ్గర గోడకు అదే పెచ్చు ఊడిన మూల. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన బట్టల వాసన. ఏ మేడ మీది నుంచో "పైకి రండి!" అని ఎవరో కేకేసినట్టు అనిపించి తలెత్తింది కూడా. ఎవరూ లేరు. మెట్లెక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. ఒకప్పుడు ఇవే మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కిన సంగతి గుర్తొచ్చి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

టీచరమ్మ తలుపు తీసి కళ్ళు చికిలించింది. "మీ పెద్దమ్మ వెంట వచ్చే పిల్లవి కదూ నువ్వు?"

ఆమెను పిల్లా అన్నవాళ్ళు లేక ఎంత కాలమైందో! టీచరమ్మ బీరువాలోంచి ఒక పాత కోటు తీసింది. రంగు వెలిసింది గానీ కుట్లు చెక్కుచెదరలేదు. జేబు మూల తిరగేస్తే పెద్దమ్మ వేసే జంట ముడి. టేపక్క దాన్ని బొటనవేలితో మళ్ళీ మళ్ళీ నిమిరింది.

"టీ తాగుదువు గాని ఉండు."

"చక్కెర వెయ్యకండి టీచరమ్మా."

"అదేమిటే! మూడు చెంచాలు వేస్తే గానీ ముట్టేదానివి కాదు!"

"ఆ చక్కెరంతా లోపల కాపురం పెట్టిందటండీ," అంది టేపక్క. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆనాటినుంచి సాయంత్రం దుకాణం పెందలాడే మూసి, కుట్టిన బట్టలు తనే ఇళ్ళకు చేరవేయడం మొదలుపెట్టింది. అంతా సాఫీగా సాగిందని కాదు. ఓ వేసవి మధ్యాహ్నం నిగ్రహం తప్పి రెండు సీసాల కూల్‌డ్రింకు గటగటా ఖాళీ చేసి, భర్త ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతను ఆమెను ఎగతాళి చెయ్యలేదు. మందు మానాక స్నేహితుల పిలుపులకు తనెన్నిసార్లు సాకులు చెప్పి తప్పించుకున్నాడో అతనికే తెలుసు.

ఏడాది తిరిగేసరికి స్కానింగులో కొవ్వు బాగా తగ్గింది, రక్తపరీక్షలు సర్దుకున్నాయి. "ఇలాగే ఉండండి" అంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం ఈ మాట చెబుదామని టేపక్క మొదట టీచరమ్మ ఇంటికే వెళ్ళింది. అంతా విని ఆవిడ చేతికర్ర అందుకుంది.

"అయితే వీధి చివరిదాకా నేనూ వస్తానే. చెయ్యి పట్టుకో."

ఇద్దరూ పెద్దమ్మ ముచ్చట్లు చెప్పుకుంటూ, ఒక్కొక్క మెట్టే దిగారు.