గోలీ ఎక్కడ నిలిచింది

"ఎంత పెట్టినవే?" అని అడిగాడు మా ఆయన.

"రెండే పెట్టిన. నువ్వు కండ్లు మూసుకొని పండుకో" అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత మూడు రోజులు బతికాడు గానీ నోరు విప్పలేదు. అన్నిటికంటే ముందు ఇదే రాయమన్నాను మా చెల్లెలి కూతురిని. నాకు సంతకం వచ్చు, బస్సు మీద అంకె గుర్తుపడతాను, అంతే. తను విమానం నడుపుతుంది, పెద్ద కెప్టెన్ పక్క సీట్లో కూర్చుని. సెలవు మీద బాన్సువాడ వచ్చింది. నేను చెప్తుంటే రాస్తోంది.

మా ఆయన ముప్పై ఏళ్ళు రైస్‌మిల్లులో పనిచేశాడు. తవుడు దుమ్మూ బీడీలూ కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయి. ఆఖరి రెండేళ్ళు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీదే బతికాడు. దానికి ఒక గాజు గొట్టం, అందులో చిన్న గోలీ. మర తిప్పితే గోలీ లేస్తుంది, ఏ అంకె దగ్గర నిలిస్తే అంత గాలి వస్తుంది. రెండు దాటొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎక్కువిస్తే మంచిదే కదా సారూ అంటే, ఇలాంటి ఊపిరితిత్తులకు అది మత్తు తెస్తుందమ్మా, మనిషి ఊపిరి తీయడమే తగ్గించేస్తాడు అన్నాడు.

ఆ గొట్టం మీద అంకెలు చీమ తలకాయంత. అందుకని రెండు దగ్గర గోళ్ళరంగుతో ఎర్రగీత పెట్టుకున్నాను. కొన్నాళ్ళకు గీతతో కూడా పని లేకపోయింది. బొటనవేలు గొట్టం పక్కన ఆనిస్తే గోలీ మొదటి కణుపు ఎత్తుకు రావాలి. అదే రెండు.

రోజూ పొద్దున లేవగానే ఆయన అడిగేవాడు, "ఎంత ఉన్నదే?" అని. నేను వంగి చూసి, "రెండు" అనేదాన్ని.

"గోలీని చూసి చెప్తున్నవా, నా మొకం చూసి చెప్తున్నవా?"

"నీ మొకంల ఏమున్నదని చూడాలె? గోలీనే చూసిన."

అప్పుడు గానీ చాయ్ గ్లాసు అందుకునేవాడు కాదు.

పోయిన వరికోతలప్పుడు జ్వరం వచ్చింది. మూడో రోజు పొద్దున పెదాలు నీలంగా మారాయి. డాక్టరు చూసి వెంటనే నిజామాబాద్ తీసుకుపొమ్మన్నాడు. మా మరిది ఒక ప్రైవేటు అంబులెన్సు కిరాయికి పిలిచాడు. మా సందు ఇరుకు, సగం దారిలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండి వెనక ఒక ట్రాక్టరు వచ్చి హారన్ మీద హారన్. వాకిట్లో పదిమంది. మరిది చెవికి ఫోన్ పెట్టుకుని అవతల దవాఖానలో మంచం కోసం అరుస్తున్నాడు. ఆధార్ కార్డు ఏదని ఒకరు, దుప్పటి తెచ్చుకున్నావా అని ఒకరు.

డ్రైవరు పెద్ద వయసు మనిషి. బండిలోకెక్కి సిలిండరుకు గొట్టం బిగించి, "ఎంత పెట్టాలె అక్కా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కింద నుంచి మరిది కేక.

"ముందు బండి తియ్యరా నాయనా! వెనక ట్రాక్టరోడు సంపుతుండు!"

"ఒక్క నిమిషం అక్కా, ముట్టకు. బండి తిప్పుకొని వచ్చి నేనే పెడత" అని దిగిపోయాడు.

ఆ ఒక్క నిమిషం నేను ఆగలేదు. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఆ గొట్టం కూడా మా ఇంటిదిలాగే ఉంది, లోపల గోలీ కూడా ఉంది. బొటనవేలు ఆనించి, కణుపు ఎత్తుకు వచ్చేదాకా మర తిప్పాను. బండి వెనక్కీ ముందుకీ ఊగింది. అప్పుడే ఆయన అడిగాడు, ఎంత పెట్టినవే అని. నేను అంకె చూడలేదు, ఆయన మొహం చూసే చెప్పాను.

డ్రైవరు వెనక్కి తిరిగి, "గాలి పెట్టిండ్రా?" అని అడిగాడు.

"పెట్టిన అన్నా, ఫికర్ చెయ్యకు. పోనియ్యి" అన్నాను. మరిది ముందు సీటెక్కి తలుపేశాడు.

నస్రుల్లాబాద్ దాటేసరికి ఆయన ఎగశ్వాస తగ్గింది. పెదాలు ఎర్రబడ్డాయి. గుర్రు పెట్టాడు. ఇన్ని రోజుల తర్వాత నిద్రపట్టిందని నేను సంతోషపడ్డాను. ఇంకాస్త దూరం పోయాక గుర్రు కూడా సన్నబడింది. చెయ్యి పట్టుకుని ఊపాను, లేవలేదు. "ఏమయ్యా, ఏమయ్యా" అన్నాను. కళ్ళు తెరవలేదు.

దవాఖాన గేటులో నర్సమ్మ బండెక్కి మొదట గోలీనే చూసింది. "గీ ఆరు ఎవరు పెట్టిండ్రు?"

మా ఇంటి గొట్టం అయిదుతో ఆగిపోతుంది, బండిలోది పదిహేను దాకా పోతుంది. ఒకే ఎత్తులో అక్కడ రెండు, ఇక్కడ ఆరు.

మరిది డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. "బిగించింది నువ్వే గదా!"

డ్రైవరు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "బిగించింది నేనే అన్నా" అన్నాడు ఆయన. మర తిప్పింది నేనని తెలిసీ నా పేరు ఎత్తలేదు.

ఆరు ఒక్కటే చంపలేదని తర్వాత డాక్టరు చెప్పాడు, ఊపిరితిత్తులు ముందే అయిపోయాయి, అదీ తోడైంది అన్నాడు. కానీ మరిది పోయి బండి యజమాని మీద పడ్డాడు. ఆ డ్రైవరు చేతిలోంచి బండి పోయింది. ఇప్పుడు బస్టాండు దగ్గర మూటలు ఎత్తుతున్నాడు. నేను కనబడితే "బాగున్నవా అక్కా" అంటాడు. నేను పక్క సందులోకి తిరిగిపోతాను.

మొన్న ఈ పిల్లను అడిగాను, విమానం లేచే ముందు ఏం చేస్తారే అని.

"ఎత్తు చూపించే మీటర్ ఉంటది పెద్దమ్మా. ఆ రోజు గాలి ఒత్తిడి ఎంతో కింద నుంచి చెప్తరు, ఆ అంకె తిప్పి పెట్టాలె. మన దగ్గర ఒక కొలత, కొన్ని దేశాలల్ల ఇంకో కొలత. బయలుదేరేటప్పుడు రేడియోల ఒకరు, తలుపు కాడ ఒకరు, అందరూ ఒక్కసారే మాట్లాడ్తరు. ఆ గడబిడల తప్పు అంకె పడ్తది. విమానం కిందున్నా మీటర్ పైనున్నట్టు చూపిస్తది."

"మరి పట్టుకునేదెట్ల?"

"ఒకరు పెడ్తరు. ఇంకొకరు చూసి, అంకె పైకి చదువుతరు. నడుమ ఎవరన్న మాట్లాడిస్తే మళ్ళ మొదటి నుంచి. నేను ఒకసారి అంకె చూడకుండనే, పెట్టిన అని చెప్పిన. కెప్టెన్ పట్టుకున్నడు."

"తిట్టిండా?"

"మీ ఊరి ఆటో అనుకున్నవా అన్నడు."

తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఆయన రోజూ నాతో చేయించింది అదే. ఆ రోజూ అడిగాడు. నేనే చూడలేదు. అప్పుడే ఈ పిల్లకు అంతా చెప్పేశాను. కాగితం తెచ్చుకో అన్నాను.

రేపు పొద్దున మరిదిని వెంటబెట్టుకుని బండి యజమాని దగ్గరికి పోతాను. ఆ డ్రైవరును కూడా పిలిపించి, ఆయన ముందరే ఇది చదివించాలి. బిగించింది ఆయన, ముట్టొద్దన్నది ఆయన, మర తిప్పింది నేను. ఇది ఉన్నదున్నట్టు పడిందా బిడ్డా? నా మీద జాలితో ఎక్కడన్నా మెత్తగా రాశావేమో. ఇంకా సంతకం పెట్టను. మొదటి నుంచి చదువు. ఆరు అన్న చోట ఆగి, నా మొహం కాదు, కాగితం చూసి చదువు.