ఆరిందంటే నమ్మని వేలు

మా మావయ్య ఎవరి మాటనూ ఊరికే నమ్మేవాడు కాదు. రంగుల ఫ్యాక్టరీలో రేకుల మీద పూసిన రంగు ఆరిందో లేదో తేల్చడం ఆయన పని. బొటనవేలు నొక్కి మెలితిప్పేవాడు. పైపైన ఆరి లోపల పచ్చిగా ఉంటే రంగు ముడతపడుతుంది. ఇంట్లో గడియ పెట్టామన్నా లేచి వెళ్లి లాగి చూసేవాడు. "నన్నూ నొక్కి చూసే చేసుకుని ఉంటారు," అనేది అత్తయ్య. ఆయన పోయాక ఆ మాట అనడం మానేసింది.

అత్తయ్య అదే ఫ్యాక్టరీలో రంగు కలిపేది. రంగు త్వరగా ఆరేందుకు పోసే ఊదారంగు కోబాల్టు మందు ఆమె ఒంటికి పడలేదు. వేళ్లు పొక్కి పగిలేవి. దాని బదులు గోధుమరంగు మాంగనీసు మందును పరీక్షించడం మొదలుపెట్టారు. అది పాసైతే పాతది ఆపేస్తారు. లేదంటే అత్తయ్య పని మానుకోవాల్సిందే. పరీక్షల కోసం ఆమెకు కొత్త మందే అప్పగించారు. చేతులు మానుతూ వచ్చాయి.

కొత్త మందుతో తెల్లరంగు పూసిన మొదటి రేకు సాయంత్రమైనా వేలికి అంటుకుంది. మర్నాటిది మధ్యాహ్నానికే గాజులా ఆరింది. మేనేజరు మురిసిపోయాడు.

"నిన్న జిగురు, ఇవాళ గాజా?" అన్నాడు మావయ్య. మందు అమ్మినవాణ్ని అనుమానించాడు. మేనేజర్నీ అనుమానించాడు. రెండు రేకులూ కిటికీ దగ్గర పెట్టి చూశాడు. మొదటిదాని తెలుపులో ఉన్న మట్టి ఛాయ రెండోదాంట్లో లేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య చేతులకు నూనె రాసుకుంటోంది. వేళ్లు మళ్లీ ఎర్రగా పొక్కాయి.

"ఇదేంటి?"

"కొత్త సబ్బు పడలేదండీ."

"ఊదారంగు సబ్బా?"

అత్తయ్య నూనె సీసా పక్కన పెట్టింది. "అవును, పాత మందే పోశాను. పోలీసుల్ని పిలవండి! కొత్తది పాసవకపోతే ఇంట్లో కూర్చునేది నేను, మీరు కాదు."

"పిచ్చిదానా, నీ దొంగ పాసు నమ్మి రంగు అమ్ముతారు. కొన్నవాడి కిటికీ రెక్కలు అతుక్కుపోతాయి. వాడు డబ్బా పట్టుకుని తిరిగొస్తే మళ్లీ పాత మందే దిక్కు."

పొద్దున్నే ఆ రేకు గీకి పారేశాడు. మేనేజరుకు అనుమానంగా ఉందని మాత్రమే చెప్పి, కొత్త మందుకు తోడు మరో మందు కలిపించి, తన కళ్లముందే పూయించాడు. పాతదానంత త్వరగా ఆరలేదు. సాయంత్రం అత్తయ్యను పిలిచాడు.

"నువ్వు నొక్కు."

అత్తయ్య పగిలిన వేలితో నొక్కి మెలితిప్పింది. ముడత పడలేదు.

"ఆరిందండీ," అంది.

ఆయన తల ఊపాడు. ఆ తర్వాత తనూ ఒకసారి నొక్కి చూశాడు.