మరపు ఒక్కటే వచ్చిన మహానటుడు

మా పెద్దాయనకు జ్ఞాపకశక్తి లేదు. తక్కువ అనడం లేదు, అసలు లేదు అంటున్నాను. ఆయన పోయిన మర్నాడు పత్రికలన్నీ కూడబలుక్కున్నట్టు 'మరపురాని నటుడు' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాయి. పదిహేడేళ్ళు పక్కనే ఉండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆయనకు వచ్చింది మరపు ఒక్కటే.

నేను టీవీ సీరియల్ షూటింగుల్లో ప్రాంప్టర్ని. అంటే కెమెరా కింద కాలు చాపుకోవడానికి కూడా చోటు లేనిచోట చతికిలబడి, నటులు చెప్పాల్సిన మాటలను వాళ్ళకంటే ముందు గట్టిగా చదివే మనిషిని. నేను చదువుతాను, వాళ్ళు విని ఏడుస్తూనో నవ్వుతూనో తిరిగి చెబుతారు. నా గొంతు తర్వాత తీసేస్తారు. మా సీరియల్లో పెద్దాయనది తాతగారి వేషం. తాతగారి మాటలంటూ జనం ఇళ్ళలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నవన్నీ ముందు నా నోట్లోంచి ఊడిపడ్డవే. అందుకు ఆయనకు దండలు పడ్డాయి, నాకు నడుంనొప్పి వచ్చింది.

మిగతా నటులకు మొదటి మాట అందిస్తే చాలు, తర్వాత వాళ్ళే అల్లుకుపోయేవారు. పెద్దాయనకు మాత్రం ఊపిరి పీల్చుకోవడం ఒక్కటే అందించనక్కర్లేదు. ఒకసారి కొడుకును ఇంట్లోంచి గెంటేసే సీను పడింది. ఆయన డైలాగు మొత్తం రెండే మాటలు, 'బయటికి పో' అని. డైరెక్టరు 'యాక్షన్' అనగానే పెద్దాయన లేచారు. మీసం వణికింది. కళ్ళు ఎర్రబడ్డాయి. చెయ్యి చాచి గుమ్మం చూపించారు. అంతే, అలాగే నిలబడిపోయారు.

"బయటికి పో" అన్నాను కింద నుంచి.

"ఎవరు?" అన్నారు పెద్దాయన.

"మీ అబ్బాయండీ."

"వీడా? వీడేం చేశాడు పాపం?"

"ఆస్తి కాగితాలు దొంగిలించాడండీ. నిన్ననే కదా పట్టుకున్నారు!"

"నిన్నటి సంగతి నాకెక్కడ గుర్తుంటుంది చెల్లెమ్మా?"

ఏడు టేకులయ్యాయి. ఎనిమిదో టేకులో కొడుకు వేషం కట్టినతను విసుగెత్తి, ఎవరూ పొమ్మనకుండానే పెట్టె పట్టుకొని బయటికి పోయాడు. డైరెక్టరు అదే ఉంచేశాడు. ఆ వారం ఒక పత్రిక రాసింది కదా, 'నోరు విప్పకుండా, ఒక్క చూపుతో కొడుకును గెంటేసిన అపూర్వ నటన' అని! ఒళ్ళు మండి ఆ పత్రిక కొనడం మానేశాను.

ఇంతటి మరపు మనిషికి ఉద్యమాలంటే చెవి కోసుకోవడం ఒకటి. ఎక్కడ చెట్లు కొట్టేస్తున్నారన్నా, ఏ ఆసుపత్రిలో మంచాలు చాలడం లేదన్నా, ఏ ఫ్యాక్టరీ మురుగు కాలవలోకి వదులుతోందన్నా మేకప్పు కూడా కడుక్కోకుండా పరిగెత్తేవారు. అక్కడ మైకు చేతికిస్తే గంటన్నర. చేతిలో కాగితం ముక్క ఉండదు. ఏ సంవత్సరం, ఏ ఆఫీసరు, ఎన్నో నంబరు ఉత్తర్వు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు. ఉండబట్టలేక ఒకరోజు నిలదీశాను.

"అన్నయ్యగారూ, అక్కడ ఉత్తర్వుల నంబర్లు గుర్తుంటాయి. ఇక్కడ సొంత మనవరాలి పేరు గుర్తుండదు. ఏమిటండీ ఈ చోద్యం?"

"అక్కడ నాకు కోపం చెల్లెమ్మా. కోపానికి కాగితం అక్కర్లేదు."

"మరి ఇక్కడో?"

"ఇక్కడ నాకెవరి మీదా కోపం లేదే!"

అంత పెద్ద మనిషి చెప్పాడు కదా అని నమ్మాను.

మా స్టూడియోలో ఆడవాళ్ళకు బాత్రూమ్ ఉండేది కాదు. ఏడాదిపాటు అర్జీలు పెట్టి పెట్టి, ఒకనాడు పెద్దాయన తెల్ల విగ్గు, చేతికర్రతో సహా సెట్టు గుమ్మానికి అడ్డంగా బైఠాయించారు. ఆయన వెనక మేము పాతికమంది ఆడవాళ్ళం. లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"సార్, షాట్ రెడీ. లోపలికి రండి సార్."

"రాలేనయ్యా."

"ఏమైంది సార్?"

"డైలాగు మర్చిపోయాను."

"అక్క అందిస్తుంది కదా సార్!"

"అక్క బాత్రూమ్‌కి వెళ్ళింది. నాలుగు వీధుల అవతల పెట్రోలు బంకుకి. వచ్చేసరికి ముప్పావుగంట పడుతుంది. కూర్చో, ఎదురుచూద్దాం."

నేను ఆయన వెనకే, మోకాళ్ళు తగిలేంత దగ్గరలో ఉన్నాను. మేనేజరు నా మొహంలోకి చూశాడు. నేను అక్కడ లేనట్టే గోడకేసి చూశాను. నెల తిరిగేసరికి బాత్రూమ్ వచ్చింది. ప్రారంభోత్సవానికి ఆయన్నే పిలిచారు. ఈయన రిబ్బను కత్తిరించి, చప్పట్లన్నీ స్వీకరించి, నా వైపు వంగి "ఇంతకీ ఇది దేని గదమ్మా?" అని అడిగారు.

ఇక యంత్రం సంగతి. నేను చేరిన నాలుగో ఏట మేనేజరు చెవిలో పెట్టుకునే చిన్న యంత్రం ఒకటి తెచ్చాడు. అసిస్టెంటు డైరెక్టరు పక్క గదిలో మానిటరు ముందు కూర్చుని చదివితే నటుల చెవిలో వినపడుతుంది. వేరే ప్రాంప్టర్ దండగ. "ఈ నెలాఖరు దాకా చూద్దాం అక్కా" అన్నాడు మేనేజరు. ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు. అప్పటికి నా పెద్దకూతురు నాలుగో తరగతి, చిన్నది రెండు. వాళ్ళ తండ్రి మమ్మల్ని వదిలేసి తన దారి తాను చూసుకున్నాడు. కింద కూర్చుని చదవడం తప్ప నాకు ఇంకో పని రాదు. అయినా ఎవరితోనూ అనలేదు. నా మీద ఎవరైనా జాలిపడితే నాకు గిట్టదు. ఒకసారి మేకప్పు గదిలో ఎవరో నా పిల్లలకని పాత బట్టలు మూటకట్టి తెస్తే, మూట విసిరికొట్టి వారంపాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

యంత్రంతో తీసిన మొదటి సీను, తాతగారి భార్య మంచంమీద ఆఖరి ఘడియల్లో ఉంది. ఈయన ఆవిడ చెయ్యి పట్టుకొని ఏడవాలి. పక్క గదిలో అసిస్టెంటు చదువుతున్నాడు, మధ్య మధ్యలో పక్కవాళ్ళతో మాట్లాడుతున్నాడు. పెద్దాయన చెవిలో పడ్డదల్లా చెప్పేశారు.

"నువ్వు లేకపోతే నేనెలా బతకను... ఆ ఫ్యాను ఆపండ్రా... నా కళ్ళలో వెలుగు నువ్వే... నా చెప్పులు ఎవడు వేసుకుపోయాడు?"

పోతున్న ఆవిడ నవ్వాపుకోలేక దుప్పటి కింద గజగజలాడిపోయింది. మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు ఆ యంత్రం ఆయన టీ గ్లాసు అడుగున దొరికింది. "పంచదార బిళ్ళ అనుకున్నానయ్యా, ఎంతకీ కరగదే!" అన్నారు పెద్దాయన. మేనేజరు తల పట్టుకొని, "అక్కా, మీరే ఉండండి" అన్నాడు. ఆ తర్వాత పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి కెమెరా పక్కన నిలబెట్టారు. తాత వేషానికి కళ్ళజోడు లేదు, అది లేకపోతే ఈయనకు బోర్డే కనపడదు. డైలాగులు తగ్గించి చూశారు. తక్కువ మాటలైతే ఇంకా తొందరగా మర్చిపోయారు.

అలా ఆయన బుర్రలో పడ్డ చిల్లు పుణ్యమా అని నా ఉద్యోగం నిలిచింది. అందుకని చిల్లుకి దణ్ణం పెట్టమంటారా? రోజూ తిట్టాను. "బుర్ర ఇంట్లో పెట్టి వచ్చారా అన్నయ్యగారూ?" అనేదాన్ని. "ఈపాటి మాట మా చిన్నది నిద్దట్లో చెబుతుంది" అనేదాన్ని. ఆయన పకపకా నవ్వి, "చిన్నది ఇప్పుడు ఎన్నో తరగతి?" అని అడిగేవారు. ఏటా అడగడమే, ఏటా మర్చిపోవడమే. మొన్నీమధ్య నర్సింగు మూడో ఏడు పూర్తయిందని చెబితే "ఇంకా ఎన్నాళ్ళుంది?" అన్నారు. "ఒక్క ఏడాది. మర్చిపోండి, ఏం పరవాలేదు, మళ్ళీ చెబుతాను" అన్నాను.

మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి పోయారు. అంతిమయాత్రకు వీధి పట్టలేదు. చెట్లవాళ్ళు, కాలవవాళ్ళు, ఆసుపత్రి నర్సులు, మా జూనియర్ ఆర్టిస్టులు, అందరూ వచ్చారు. నేను ఒక గోడ పక్కన నిలబడ్డాను. ఏడుపు రాలేదు. మర్నాడు మేనేజరు పిలిచి, నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు.

"అక్కా, సోమవారం కొత్త తాతగారు వస్తున్నారు. నాటకాలాయన. మూడు గంటల నాటకం ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారట. కాబట్టి ఈ నెలాఖరు తర్వాత మీ అవసరం..."

ఆపైన పాపం అతనికి నోరు రాలేదు.

"ఉండదు" అని నేనే అందించాను.

ఆదివారం పెద్దాయన భార్య కబురు పెడితే వెళ్ళాను. నేనావిడను వదినగారూ అంటాను. ఆవిడ బీరువా పక్క నుంచి బరువైన అట్టపెట్టె ఒకటి ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టారు. నిండా డైలాగు కాగితాలు. ముందురోజు సాయంత్రమే అందరి ఇళ్ళకూ పంపేవారు. పెద్దాయన వాటిని విప్పి కూడా చూడరని నేను పదిమందిలో ప్రమాణం చేసి చెప్పి ఉంటాను. తీరా చూస్తే ఒక్కో కాగితం నలిగి మెత్తబడిపోయి ఉంది. అక్కడక్కడ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పక్కన ఆయన దస్తూరీతో రాసి ఉంది. 'ఇక్కడ మర్చిపోవాలి.' 'ఇక్కడ రెండుసార్లు.' ఒకచోట, 'ఇవాళ వద్దు. చెల్లెమ్మకు జలుబు, గొంతు పోయింది.'

"ఏమిటి వదినగారూ ఇవన్నీ?"

"తెల్లారగట్ల లేచి మొత్తం కంఠస్థం పట్టేవారు. అది అయ్యాక మర్చిపోవడం ప్రాక్టీసు. నన్ను కుర్చీ కింద కూర్చుని నీలాగా చదవమనేవారు. నా వల్ల కాదు పొమ్మన్నాను."

"మర్చిపోవడానికి కంఠస్థం ఎందుకండీ? ఊరికే మర్చిపోతే పోలా?"

"నేనూ అదే అన్నాను. మొదట్లో నిజంగానే మర్చిపోయేవారు, వట్టి బద్ధకం. ఆ యంత్రం వచ్చిన రోజు నువ్వు మెట్ల వెనక కళ్ళు తుడుచుకోవడం చూశారట. అప్పట్నుంచి పద్ధతి మారింది. నిజంగా మర్చిపోతే ఎక్కడ ఆగుతుందో తెలీదు, అందరికీ ఇళ్ళకెళ్ళడం ఆలస్యమవుతుంది, కొలిచినట్టు మర్చిపోవాలి అనేవారు."

"ఊరందరి కోసం మైకులు పగలగొట్టిన మనిషి, నా కోసం మేనేజరుతో ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే నీకు తెలుస్తుందన్నారు. 'తెలిస్తే మొహమాటపడిపోతుంది, ఇక నన్ను తిట్టదు. బయట అందరూ దండలేస్తున్నారు, ఆ ఒక్కతీ కూడా గౌరవించడం మొదలుపెడితే నేనేమైపోవాలి?' అని నామీదే ఎగిరారు."

నాకు పట్టరాని కోపం వచ్చింది. పదమూడేళ్ళు నన్ను నా ముందే వెర్రిదాన్ని చేశారు. పోనీ ఎదురుగా ఉన్నారా నాలుగు దులిపేయడానికి? ఆ ఎర్ర సున్నాలు చూస్తూ అప్పుడు ఏడ్చాను, గట్టిగా, సిగ్గు లేకుండా. వదినగారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి నా పక్కనే కూర్చున్నారు.

సోమవారం కొత్త తాతగారు వచ్చారు. తాతగారి మొహం మొత్తం మారిపోయిందన్న అనుమానం కోడలికి గానీ మనవరాలికి గానీ రాలేదు, మా సీరియల్లో అంతే. నేను కాగితాలు మూసి ఒళ్ళో పెట్టుకొని ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను. ఆయన మొదటి మాట ఖంగున చెప్పారు. రెండోది అంతకంటే ఖంగున చెప్పారు. మూడోదానికి చటుక్కున ఆగి, పైకప్పు వైపు చూసి, నుదురు మూడుసార్లు టపటపా కొట్టుకొని, "అయ్యో, ఏమైంది నాకు? ఏమీ గుర్తు రావడం లేదే!" అన్నారు.

మేనేజరు నోరు తెరుచుకుపోయింది. నేను లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాను మెల్లగా.

"ఏమిటమ్మా?"

"నా దగ్గర వేషాలొద్దు. చెప్పండి."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఆసుపత్రిలో మీ అన్నయ్య, తన వేషం నన్నే వెయ్యమని చెప్పి, నా చేత ఒట్టేయించుకున్నాడు. చెల్లెమ్మ చిన్నకూతురికి ఇంకా ఏడాది చదువుంది, ఆ ఒక్క ఏడాది మర్చిపోరా అన్నాడు. నా వల్ల కావడం లేదమ్మా. మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి."

అభిమానం గలదాన్నయితే సంచీ భుజాన వేసుకొని బయటికి నడవాలి. నా సంగతి నాకు తెలుసు, ఇంకెప్పుడైనా అయితే నడిచేదాన్నే. ఆ పూట కాళ్ళు కదల్లేదు. కానీ ఆయన చేసిన పని చూస్తే మాత్రం నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అలా నుదురు కొట్టుకుంటే మర్చిపోయినట్టు ఉండదండీ, దోమ కుట్టినట్టు ఉంటుంది. పైకి అస్సలు చూడకండి. నోరు తెరవండి, మాట వచ్చేస్తోందన్నట్టు. ఎదుటివాళ్ళ మొహంలోకి ప్రేమగా చూడండి, వీళ్ళెవరా అన్నట్టు. అక్కడ ఆగండి. కంగారుపడకండి, కింద నేనున్నాను."

"అక్క లేకపోతే ఈ ఇంట్లో ఏ తాతా నడవడు" అని గొణుక్కున్నాడు మేనేజరు. నేను వెళ్ళి కెమెరా కింద చతికిలబడి కాగితాలు విప్పాను. రెండో టేకులో కొత్తాయన కాస్త నయంగా మర్చిపోయారు. మా అన్నయ్యగారంత సహజంగా మాత్రం కాదు.