మొక్కను మోసిన చెయ్యి

టైడా నుంచి చిన్నాన్న ఫోన్ చేసి, "మీ మామ్మ పోయినాదే తల్లీ. ఆ మొక్క నీకిచ్చెయ్యమన్నాది" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది.

ఆవిడ నా సొంత మామ్మ కాదు, నేను చిన్నాన్న అని పిలిచేది ఆవిడ కొడుకుని. తొంభైల్లో మా నాన్న టైడా రైల్వే స్టేషన్లో పనిచేసేటప్పుడు పక్క క్వార్టర్లో ఉండేది. నాకు జడ వేసి, అన్నం కలిపి పెట్టిన మనిషి.

ఆ మొక్కను ఎవరో ఆఫీసరు బదిలీ అయి వెళుతూ వదిలేశాడట. లోతు లేని పింగాణీ పళ్లెంలో జానెడు చెట్టు. కాండం మాత్రం నూరేళ్ల ముసలిదానిలా మెలితిరిగి ఉండేది. పేలాలంత తెల్లటి పూలు. బోన్సాయ్ అంటారని నాకు కాలేజీలో చేరాక తెలిసింది. మామ్మకు అది చుక్కల మొక్క. కొమ్మ కత్తిరిస్తే కంపు కొట్టేది. నేను ముక్కు మూసుకుంటే, "ఎవుల్ని కోసినా కంపేనే గుంటా, దానికి సెంటు రాసుకోడం రాదు, అంతే" అనేది.

కత్తెర పట్టే ముందు కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చునేది. పళ్లెం అంచు మీద గోటితో తట్టి, చెవి ఆనించేది. ఒక్కోసారి "ఇయాల వొద్దంటంది" అని కత్తెర దాచేసేది. మామ్మకు చాదస్తమని నవ్వుకునేదాన్ని.

చోటు మారితే ఆ మొక్క ఆకులన్నీ రాల్చేస్తుంది. అందుకే ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఓసారి ఆవిడ చుట్టాలింటి నుంచి వచ్చేసరికి మొక్క తన చోటులోనే ఉంది, కానీ ఒంటి మీద ఆకు లేదు. నా ఎదుటే అంచు తట్టి, "ఎవులు మోసేరే నిన్ను?" అని అడిగింది. చెవి ఆనించి విన్నది. తిన్నగా మా ఇంటికి వచ్చి, "మంచికే మోసేవు నాయినా. ఇంకోపాలి రాలితే అది బతకదు" అంది నాన్నతో. నాన్న ముఖం పాలిపోయింది. గాలివానకు భయపడి రెండు రోజులు లోపల పెట్టి, మళ్లీ కిటికీలో పెట్టేశాడట. ఆ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు.

దినాలయ్యాక మొక్కను ఒళ్లో పెట్టుకుని విశాఖ పాసింజరు ఎక్కాను. మామ్మ నమ్మి ఇచ్చింది. నా చేతుల్లో చచ్చిపోతే ఏ ముఖం పెట్టుకుని ఆవిడను తలుచుకోను? రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా ఒళ్లో బరువు తగ్గేది, కింద నుంచి ఎవరో ఓ చెయ్యి వేసినట్టు. వెలుతురు రాగానే మళ్లీ బరువు. దుఃఖంలో అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

నెల దాటింది. పొద్దున్నే లేచి కిటికీ కింద వెతుకుతాను. ఒక్క ఆకు రాలలేదు. నిన్న పూలు కూడా విచ్చాయి. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. కళ్లు తుడుచుకుని, అంచు మీద గోటితో తట్టి అడిగాను.

"ఎవులు మోసేరే నిన్ను?"

చెవి ఆనించాను. తర్వాత లేచి వెళ్లి, కిటికీ పక్కన మామ్మకు పీట వేశాను.